పెట్టెకి పెట్టిన బొట్టు

మా వంటింటి గూట్లో గుండ్రటి పెట్టె ఒకటి ఉంటుంది. కొబ్బరి చిప్ప బోర్లించినంత ఉంటుంది, అంతే. దాని చుట్టూ ఉన్న బూడిదరంగు గుడ్డ మీద ఎర్రటి మరక ఉంది. చూసినవాళ్లు ఆవకాయ నూనె పడిందేమో అనుకుని తడిగుడ్డ పెట్టబోతారు. నేను చెయ్యి పట్టుకుని ఆపుతాను. అది నూనె కాదు, కుంకుమ. నేనే పెట్టాను. ఎందుకు పెట్టానో చెప్పాలంటే ముందు మా ఆడపడుచు సంగతి చెప్పుకోవాలి.

ఆవిడ మా ఆయనకి అక్క, నాకు వదినగారు. కాపురం అమలాపురంలో. ఆవిడ నోట గట్టి మాట రావడం నేను ఇంతవరకు వినలేదు. ఎవరినైనా పొడవాలంటే ముందు ఆరోగ్యం అడుగుతారు, పిల్లల చదువులు అడుగుతారు, కట్టుకున్న చీర బాగుందంటారు, ఆ తరువాత పొడుస్తారు. పొడిచిన సంగతి మనకి ఇంటికి వెళ్లి చీర మార్చుకునేటప్పుడు గానీ తెలియదు.

నాకు చదువు పెద్దగా లేదు. ఐదో తరగతితో ఆగిపోయింది. కానీ చెవిన పడిన మాట పోదు. ఎవరి పెళ్లికి ఎవరు ఏ చీర కట్టుకున్నారో, ఆ పెళ్లిలో నన్ను ఎవరు ఏమన్నారో, అప్పుడు నా విస్తట్లో ఏ కూర ఉందో ఈ రోజుకీ చెప్పగలను. మా ఇంట్లో అందరూ దాన్ని వరం అంటారు. మా వదినగారు ఇప్పుడు అలా అనరు.

మాది రాజోలుకీ తాటిపాకకీ మధ్యనున్న ఊరు. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. సెలవు దొరికితే వస్తారు, లేకపోతే ఫోనులోనే కాపురం. ఇంట్లో అత్తయ్యగారు, నేను, హైస్కూల్లో చదివే మా అమ్మాయి. దూరాన ఉన్న మనిషికి ఇల్లంటే చెవికి వినబడేదే. నేను ఏం వండానో, ఆయన తల్లిని ఎలా చూసుకుంటున్నానో ఆయనకి మాటల్లోనే తెలియాలి. ఆయన నా మాట నమ్ముతారన్న ధైర్యం ఒక్కదానితోనే నేను ఆ ఇల్లు నెట్టుకొచ్చాను. ఆ నమ్మకం మీద ఎవరైనా చెయ్యి వేస్తే వాళ్లని వదిలిపెట్టే రకాన్ని కాను.

ఒకసారి అత్తయ్యగారు స్నానాల గదిలో కాలు జారి పడ్డారు. ఎముకలు విరగలేదు, తొంటి కమిలింది. కబురు తెలిసి వదినగారు వచ్చారు. కళ్లు తుడుచుకున్నారు. మళ్లీ వారం తిరిగేసరికి ఈ పెట్టె పట్టుకొచ్చారు. నోటితో చెబితే పాటలు పెడుతుందట, టైము చెబుతుందట, అమ్మకి ఏదైనా అయితే పిలిస్తే చాలు అమలాపురంలో తనకి వినబడుతుందట. వీడియో కాల్స్ కోసమని మా ఇంట్లో అప్పటికే ఇంటర్నెట్ ఉంది. తన ఫోను తీసి ఏవేవో నొక్కి, తన ఇంట్లో ఉన్న ఇలాంటి పెట్టెకీ దీనికీ కలిపి ఒకే ఖాతా చేసుకున్నారు. తరువాత పెట్టె పట్టుకుని ఇల్లంతా తిరిగారు. హాల్లో వద్దన్నారు, టీవీ పక్కన వద్దన్నారు. చివరికి వంటింటికీ అత్తయ్యగారు పడుకునే గదికీ మధ్యనున్న గూడు చూసుకున్నారు. ఇక్కడైతే అందరికీ బాగా వినిపిస్తుందన్నారు. నేను ఉప్పుడబ్బా తీసి ఆవిడ పెట్టెకి చోటు ఇచ్చాను. ఆ డబ్బా తియ్యడం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంటుంది.

మొదట్లో నేను దాని జోలికి పోలేదు. పొద్దున్నే అత్తయ్యగారికి భక్తి పాటలు పెట్టేది. ఆడగొంతుతో జవాబు చెప్పేది కాబట్టి అత్తయ్యగారు దాన్ని 'గూట్లో అమ్మాయి' అనేవారు. అప్పుడప్పుడూ అది ఊరికే టింగుమని మోగి, నెత్తి మీద పచ్చటి వెలుగు వచ్చేది. ఫోనులో మెసేజీ వచ్చినట్టే ఏదో అయి ఉంటుందని పట్టించుకోలేదు.

ఇక్కడ అత్తయ్యగారి కాఫీ సంగతి చెప్పాలి. పాలవాడు సైకిలు బెల్లు కొట్టగానే పాలు కాచి మొదటి కాఫీ ఆవిడకే ఇస్తాను. కాపురానికి వచ్చిన నాటి నుంచి అదే అలవాటు. ఆవిడ తాగి, గ్లాసు మంచం కింద పెట్టి, కాసేపు గోడ వైపు చూసి, 'కోడలు పిల్లా, కాఫీ ఇవ్వవా' అంటారు. మరుపు కొంత, ఆశ కొంత. డాక్టరు పంచదార తగ్గించమన్నారు. అందుకని 'ఇందాక ఇచ్చేను కదండీ' అంటాను. ఆవిడ మంచం కిందకి వంగి గ్లాసు చూసుకుని నవ్వుతారు. రోజూ మా ఇంట్లో జరిగే భాగోతం ఇది. ఆ నవ్వుకి చప్పుడు ఉండదు.

కొత్తపేటలో మా వాళ్ల పెళ్లి ఒకటి జరిగింది. వంకాయరంగు చీర కట్టుకుని వెళ్లాను. పంక్తిలో పెద్దవాళ్ల పక్కన వదినగారు కూర్చున్నారు, ఎదర వరసలో నేను. మజ్జిగపులుసు వడ్డిస్తుండగా ఆవిడ మెత్తగా, అందరికీ వినబడేలా అన్నారు.

"మా అమ్మకి పొద్దున్న కాఫీ కోసం అడుక్కోవాల్సి వస్తోందండి. ఏం చేస్తాం, తమ్ముడు ఇక్కడ లేడు. పాపం అమ్మాయికి మాత్రం ఎంతని ఓపిక ఉంటుంది."

'పాపం' అన్న మాట నా మీదే పెట్టారు చూశారా. పంక్తిలో అందరూ నా వైపు చూసి విస్తళ్లలోకి చూసుకున్నారు. చేతులు కడుక్కునే చోట వరసకి పిన్నిగారయ్యే ఒకావిడ నా భుజం మీద చెయ్యి వేసి అడిగారు.

"పెద్దావిడకి కాఫీ ఇచ్చే బయల్దేరేవా అమ్మా?"

మర్నాడు కువైట్ నుంచి ఫోను. అమ్మ కాఫీ అడిగితే 'ఇందాక ఇచ్చేను కదండీ' అని విసుక్కున్నావట కదా అన్నారు మా ఆయన. తిట్టలేదు, అడిగారంతే. అడిగి చాలాసేపు ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం తిట్టుకన్నా చేదుగా ఉంది. అవి అచ్చంగా నా మాటలే. ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. పొద్దున్నపూట ఆ గదిలో ఉండేది నేనూ అత్తయ్యగారూ. అత్తయ్యగారికి ఫోను చెయ్యడం రాదు. మరి నా మాట సముద్రం దాటి ఎలా వెళ్లింది?

మా అమ్మాయిని అడిగాను, గూట్లో ఆ పచ్చలైటు ఎందుకు వెలుగుతుందే అని. ఆ పిల్ల అన్నం కలుపుకుంటూ ఏమీ కానట్టు చెప్పింది.

"ఎవరో లోపలికి వచ్చినట్టమ్మా. మనం ఫోను ఎత్తక్కర్లేదు. వాళ్లంతట వాళ్లు వచ్చి వినొచ్చు."

ముద్ద నా నోట్లోనే ఉండిపోయింది. మా ఇంటికి ఎవరైనా వస్తే గుమ్మంలో నిలబడి 'ఏమండీ' అని పిలుస్తారు. అప్పు అడగడానికి వచ్చినవాడైనా దగ్గి వస్తాడు. ఈవిడ మాత్రం చెప్పులు విప్పకుండా, పిలవకుండా, నా పొయ్యి దాకా వచ్చి నిలబడుతున్నారన్నమాట.

అయినా తొందరపడలేదు. అనుమానం ఒకటి, రుజువు ఒకటి. మా ఇంట్లో అత్తయ్యగారి ఇత్తడి గంగాళం ఉంది. వదినగారికి ఎప్పటి నుంచో దాని మీద కన్ను. మర్నాడు మధ్యాహ్నం అత్తయ్యగారు కునుకు తీస్తుండగా టింగుమంది, పచ్చలైటు వెలిగింది. నేను కొబ్బరి తురుముతూ నాలో నేను గొణుక్కుంటున్నట్టు, ఈ గంగాళం అడ్డం, రేపు పాత సామాన్లవాడు వస్తే తూకానికి వేసేస్తాను అన్నాను. అని తురుముకోవడం మానలేదు.

మర్నాడు టిఫినుకి పిండి కలుపుతుండగానే గుమ్మంలో ఆటో ఆగింది. అమ్మని చూడాలనిపించిందట. అమ్మ మంచం దగ్గరికి వెళ్లకుండానే ఆవిడ కళ్లు పెరట్లోకి పోయాయి. తెల్లారకముందే గంగాళం చింతపండు పెట్టి తోమి, అద్దంలా చేసి, నిండా నీళ్లు పట్టి కుళాయి కింద పెట్టి ఉంచాను.

"గంగాళం అమ్మెయ్యడం లేదు కదమ్మా?" అన్నారు వదినగారు.

"అమ్మెయ్యడమేంటండీ? ఎవరన్నారు?"

ఆవిడ కొంగు సర్దుకున్నారు. ఊరికే అన్నానన్నారు. నేను దిబ్బరొట్టి పెట్టి, బెల్లం పాకం వేసి, కొసరి కొసరి తినిపించాను. ఆవిడ ఎంతసేపూ నమలలేక మింగలేక తిన్న ఆ రొట్టిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

పెట్టె తీసి అవతల పారెయ్యమని మా అమ్మాయి అంది. తీసేస్తే ఏమవుతుంది? తల్లి మీద బెంగతో పెట్టిన పెట్టెని కోడలు పీకి పారేసిందని ఆ మాటా కువైట్‌కి వెళుతుంది. పైగా అది నా ఇంట్లో కూర్చుని, నా కరెంటు తాగుతూ, ఆవిడ పని చేస్తోంది. నా పని కూడా చెయ్యాలి కదా. ఆ రోజే కూతురి దగ్గర పాఠానికి కూర్చున్నాను.

ఇంగ్లీషు ముక్కలు కొన్ని నేర్చుకుంటే చాలు, మిగతాది దానికే తెలుస్తుంది. మొదట టైమరు నేర్చుకున్నాను. దిబ్బరొట్టి సన్నని సెగ మీద కాలాలి, పక్కనే కాపలా ఉండాలి. ఇప్పుడు దానికి చెప్పి నేను పెరట్లో బట్టలు ఆరేసుకుంటాను, అరిచి పిలుస్తుంది. పనస ఆకు బుట్టల్లో పొట్టిక్కలు ఆవిరి మీద పెట్టినప్పుడూ అంతే. నీళ్ల మోటారు వేసి మరిచిపోతే ట్యాంకు పొంగి పొరుగువాళ్ల గోడ తడిసి మాటలొచ్చేవి, ఆ బాధ పోయింది. అత్తయ్యగారి బీపీ మాత్ర వేళకి దాని చేతే చెప్పించాను. నేను చెబితే మింగనని మొండికేసే మనిషి, గూట్లో అమ్మాయి చెబితే ఆయ్ ఆయ్ అంటూ మింగేస్తారు. సరుకులు అయిపోతుంటే పిండి చేతులతోనే దానికి చెప్పి రాయించుకోవడం, రాజోలు బస్సెక్కే రోజున వాన పడుతుందేమో అడగడం, అన్నీ అలవాటయ్యాయి. ఉప్పుడబ్బా చోటు ఇచ్చినందుకు అద్దె వసూలు చేసుకుంటున్నట్టే ఉండేది.

మా అమ్మాయి ఇంకొకటి నేర్పింది. 'అనౌన్స్' అని దాంతో అని, తరువాత మనం తెలుగులో ఏం చెబితే అది మన గొంతుతోనే ఆ ఖాతాలో ఉన్న పెట్టెలన్నిట్లో వినిపిస్తుందట. అమలాపురంలో కూడానా అని అడిగాను. ఆవిడే కలిపింది కదమ్మా అంది. ఆ ముక్క విని కొంగున ముడి వేసుకుని దాచుకున్నాను. దాని వేళ ఇంకా రాలేదు.

ఈలోగా పచ్చలైటు వేళలు పట్టుకున్నాను. పొద్దున్న కాఫీ వేళ ఒకసారి, వాళ్లింట్లో భోజనాలయ్యాక ఒకసారి. మధ్యాహ్నాలు అత్తయ్యగారిని గూడు దగ్గర పీట మీద కూర్చోబెట్టి తల దువ్వడం మొదలుపెట్టాను. ఒకనాడు టింగుమంది. నేను దువ్వెన ఆపకుండానే, మామయ్యగారు పోయేముందు రాజోలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎవరెవరు వచ్చేరండీ అని అడిగాను. తెలియక కాదు. అప్పుడు ఆసుపత్రిలో దగ్గరుండి చూసుకున్నది నేనే. అత్తయ్యగారు ఒక్కొక్కరినీ చెప్పుకొచ్చారు. కూతురి దగ్గరికి వచ్చేసరికి గొంతు మారింది.

"వచ్చింది. ఫ్లాస్కులో పాలు తెచ్చింది. సాయంత్రం బస్సుకి వెళ్లిపోతూ ఆ ఫ్లాస్కు కూడా కడిగించుకుని పట్టుకుపోయింది. నా కడుపున పుట్టిందే గానీ నా పక్కన ఒక్క పూట కూర్చోలేదు. ఎత్తినవీ పోసినవీ నీ చేతులే కదే."

గూట్లో పచ్చలైటు అలా వెలుగుతూనే ఉంది. వెలగనీ అనుకున్నాను. ఇంకా అడిగాను. పెళ్లి చేసి పంపేటప్పుడు ఏమేం పట్టుకెళ్లారని అడిగాను, తాతగారి భోషాణం పెట్టె ఇత్తడి పట్టీలతో సహా ఎలా వెళ్లిపోయిందో చెప్పారు. ఆవిడకి ఆ వేళ జ్ఞాపకం బాగా పని చేసింది. చాలాసేపటికి లైటు ఆరింది. జాలి వెయ్యలేదా అమ్మా అని మా అమ్మాయి తరువాత అడిగింది. జుట్టు ముడి గట్టిగా వేశానా లేదా అని మీ నాయనమ్మని అడుగు అన్నాను. మాటకి ఎదురు మాట చెప్పలేని చోట కూర్చుని వినడం ఎలా ఉంటుందో కొత్తపేట పంక్తిలో నేను చూశాను. ఆవిడ కూడా చూడాలి కదా.

దాంతో తీరిందనుకుంటున్నారేమో. తీరలేదు. మా ఆయన ఆ ఊరుకోవడం ఇంకా అలాగే ఉంది. ఫోను చేస్తారు, మాట్లాడతారు, చివర్లో 'అమ్మ కాఫీ తాగిందా' అంటారు. ఇదివరకు ఎప్పుడూ అడిగేవారు కాదు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు మజ్జిగపులుసు వాసన వచ్చేది.

మా అమ్మాయికి ఓణీలు వెయ్యాలని అనుకున్నాం. మా ఆయనకి సెలవు దొరికింది. ఓణీలకి మా ఇళ్లలో మేనత్తదే పెద్దరికం. మొదటి అక్షింతలు ఆవిడవి, హారతి ఆవిడది, పట్టుచీర ఆవిడకి. అందుకని ఊళ్లో ఎవరికీ చెప్పకముందు ఆడపడుచు ఇంటికి కుంకుమ భరిణె పట్టుకుని వెళ్లి, బొట్టు పెట్టి, పండూ తాంబూలం చేతిలో పెట్టి పిలవాలి. ఫోనులో చెబితే పిలిచినట్టు కాదు. కార్డు పంపితే అసలే కాదు. బొట్టు పెట్టని ఇంటికి ఆడపడుచు వెళితే ఆవిడకి చిన్నతనం, బొట్టు పెట్టకపోతే మాకు తప్పు. ఇదివరకు ప్రతి పనికీ అమలాపురం బస్సెక్కి వెళ్లి పిలిచి వచ్చాను. గుమ్మంలో నిలబెట్టి పది మంచి మాటలు చెప్పించుకున్నాకే నుదురు ముందుకి పెట్టేవారు.

ఈసారి బస్సెక్కలేదు.

మంచిరోజు చూసుకున్నాను. తలంటి పోసుకుని పట్టుచీర కట్టుకున్నాను. పళ్లెంలో పసుపు, కుంకుమ, తమలపాకులు, వక్కలు, అరటిపళ్లు, జాకెట్టు ముక్క సర్ది, భోజనాల వేళ దాటే దాకా ఆగాను. అత్తయ్యగారిని తెచ్చి పీట మీద కూర్చోబెట్టాను. టింగుమంది. పచ్చలైటు వెలిగింది. నేను గూటికి ఎదురుగా వంగి దణ్ణం పెట్టాను.

"వదినగారూ, రోజూ వస్తున్నారు, ఎప్పుడూ కూర్చోమనలేదు, తప్పు నాదేనండి. ఇంటికే వచ్చిన మనిషిని వదిలేసి మీ ఇంటి దాకా రావడం బాగోదని ఇక్కడే బొట్టు పెడుతున్నాను. మీ మేనకోడలికి ఓణీలండి. మీరు, అన్నయ్యగారు ముందుగా రావాలి."

అని భరిణెలోంచి కుంకుమ తీసి, ఆ బూడిదరంగు గుడ్డ మీద, నుదురు ఉంటే ఎక్కడ ఉంటుందో చూసి అక్కడ పెట్టాను. తాంబూలం దాని ముందు పెట్టాను. వేళ కూడా చెప్పాను.

అత్తయ్యగారికి కూతురు అందులో ఉందని అర్థమైంది. ముఖం చాటంత చేసుకుని గూట్లోకి తొంగి చూశారు.

"ముందు రోజే రావే. నా పక్కన పడుకుందువు గాని."

పెట్టె పలకలేదు. అత్తయ్యగారు మళ్లీ పిలిచారు, పేరు పెట్టి. పచ్చలైటు వెలుగుతూనే ఉంది. కన్నతల్లి పిలుస్తుంటే పలికితే దొరికిపోతారు, పలక్కపోతే ఎలా ఉంటుందో ఆవిడకే తెలియాలి. పలకదేం అని అత్తయ్యగారు నన్ను అడిగారు. వింటున్నారండి అన్నాను. లైటు ఆరిపోయింది.

ఆ తరువాత మధ్యాహ్నాలు అది మోగలేదు.

మా ఆయన వచ్చారు. వచ్చిన మర్నాడే అమలాపురం నుంచి ఫోను. ఆడపడుచుకి బొట్టు పెట్టి పిలవని ఓణీలు ఎక్కడైనా ఉన్నాయా తమ్ముడూ అని ఏడ్చారట. ఆయన ఫోను పెట్టేసి నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అక్కని పిలవలేదా అన్నారు. పిలిచేనండి, బొట్టు పెట్టి, తాంబూలం పెట్టి, మీ అమ్మగారి ఎదురుగా పిలిచేను అన్నాను. అమలాపురం ఎప్పుడు వెళ్లేవు అన్నారు. వెళ్లలేదండి అన్నాను. ఆయన తల్లిని అడిగారు. పెట్టింది, నేను చూసేను, నీ అక్కే పలకలేదు అన్నారు ఆవిడ. ఇద్దరికీ మతి పోయిందేమోనన్నట్టు చూశారు ఆయన. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు నేను. నేను చెబితే అది నా మాట అవుతుంది. ఆవిడ నోటితో రావాలి.

ఓణీల రోజున షామియానా కింద అందరూ కూర్చున్నారు. కొత్తపేట పిన్నిగారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. హారతి పళ్లెం సిద్ధంగా ఉంది, మేనత్త కుర్చీ ఖాళీగా ఉంది. వస్తే ఎలా తెలిసి వచ్చారని అడగాలి, రాకపోతే హారతి వేరేవాళ్ల చేతికి వెళుతుంది. ఆవిడ ఆ హారతి వదులుకోలేరని నాకు తెలుసు. ముహూర్తం ముంచుకొచ్చే వేళకి గేటు దగ్గర కారు ఆగింది. కొత్త పట్టుచీర. వేళ ఎవరూ ఫోనులో చెప్పలేదు సుమా, నేను గూటి ముందు చెప్పిన వేళకే దిగారు.

చెంబుతో నీళ్లు పట్టుకుని ఎదురు వెళ్లాను. మా ఆయన నా పక్కనే ఉన్నారు. పిన్నిగారు మెడ సాచారు.

"బొట్టు అందిందా వదినగారూ?" అన్నాను.

ఆవిడ నన్ను చూశారు. తమ్ముణ్ణి చూశారు. లోపల ఖాళీ కుర్చీ చూశారు. కాళ్ల మీద నీళ్లు పోస్తూ నేను ఆగాను. తొందర ఏముంది, చెంబు నిండా నీళ్లున్నాయి.

"ఆయ్" అన్నారు వదినగారు. "అందిందమ్మా."

"ఎక్కడ పెట్టింది అక్కా?" అన్నారు మా ఆయన.

ఆవిడ తల వంచుకుని తడి కాళ్లు చూసుకున్నారు. నేనే చెప్పాను. ఎక్కడో కాదండి, మన వంటింటి గూట్లో. మధ్యాహ్నాలూ, కాఫీ వేళప్పుడూ అక్కడే ఉంటారు వదినగారు, నేను ఏమంటున్నానో వింటూ. ఆయన వంటింటి కిటికీ వైపు తిరిగారు. గూట్లో పెట్టె, దాని నుదుటి మీద ఎండిన కుంకుమ, అక్కడికి బాగానే కనబడుతున్నాయి. ఆయన ముఖంలో ఒక్కొక్క ఫోనూ గుర్తుకు రావడం చూశాను. కొత్తపేట మర్నాటి ఫోను కూడా గుర్తొచ్చినట్టుంది, కళ్లు మూసుకుని తెరిచారు. లోపలికి రా అక్కా, హారతికి వేళవుతోంది అన్నారు. ఆ గొంతులో తమ్ముడు లేడు.

మర్యాదలో ఏ లోటూ చెయ్యలేదు నేను. మొదటి అక్షింతలు ఆవిడే వేశారు, హారతి ఆవిడే ఇచ్చారు, కర్పూరం ఒకసారి పళ్లెంలోంచి జారింది. పట్టుచీర రెండు చేతులా ఇచ్చాను. బూరెలు మారు వడ్డించాను. పక్కన కూర్చున్న పిన్నిగారు ఆవిడని మెత్తగా, అందరికీ వినబడేలా అడిగారు, గూట్లో ఉక్కపొయ్యదా అమ్మా అని. ఆ బూరె కూడా దిబ్బరొట్టి లాగే ఆవిడ గొంతులో చాలాసేపు ఉంది.

వెళుతూ వెళుతూ పెట్టె పట్టుకుపోతానన్నారు, నీకు అడ్డంగా ఉందేమో అన్నారు. ఉండనివ్వండి వదినగారూ, అలవాటైపోయింది అన్నాను.

మర్నాడు పొద్దున్న పాలవాడు బెల్లు కొట్టాడు. మా ఆయన తల్లి మంచం మీదే కూర్చుని ఉన్నారు. కాఫీ ఇచ్చాను. అత్తయ్యగారు తాగి, గ్లాసు మంచం కింద పెట్టి, గోడ వైపు కాసేపు చూసి, కోడలు పిల్లా కాఫీ ఇవ్వవా అన్నారు. నేను వంటింట్లోంచి పలకలేదు. కావాలనే పలకలేదు.

"ఇందాక ఇచ్చింది కదమ్మా" అన్నారు మా ఆయన.

అన్నాక ఆయన చాలాసేపు ఊరుకున్నారు. అత్తయ్యగారు వంగి గ్లాసు చూసుకుని చప్పుడు లేకుండా నవ్వారు. ఆయన లేచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. ఆయనకీ కాఫీ కలిపి ఇచ్చాను. తరువాత ఎప్పుడూ ఫోనులో ఆ ప్రశ్న అడగలేదు.

ఆయన విమానం ఎక్కాక కొంగున ముడి వేసి దాచుకున్నది బయటికి తీశాను. రోజూ పొద్దున్న అత్తయ్యగారి చేతికి గ్లాసు ఇవ్వగానే గూటి దగ్గరికి వెళ్లి 'అనౌన్స్' అని, ఎంతో మర్యాదగా చెబుతాను, వదినగారూ, అత్తయ్యగారు కాఫీ తాగుతున్నారండి అని. అమలాపురంలో వాళ్ల హాల్లో నా గొంతు మోగుతుంది. చుట్టాలు వచ్చి ఉన్నా మోగుతుంది. ఆవిడ కొన్నాళ్లు ఓర్చుకున్నారు, తరువాత పెట్టె వైరు పీకేశారట. అన్నయ్యగారికి పొద్దున్నే దాంట్లో వార్తలు వినడం అలవాటు, ఆయన మళ్లీ పెట్టారట. ఒకసారి ఫోను చేసి, రోజూ ఎందుకమ్మా శ్రమ అన్నారు. శ్రమేముందండీ, మీకు బెంగ కదా అన్నాను.

మొన్న గాలివానకి పొద్దున్నే కరెంటు పోయింది. కట్టెల పొయ్యి రాజేసి పాలు కాచి అత్తయ్యగారికి కాఫీ ఇచ్చాను. పెట్టె గూట్లో కుంకుమ బొట్టుతో చచ్చినట్టు పడి ఉంది. కాసేపటికి ఫోను మోగింది, వదినగారు.

"ఇవాళ అమ్మకి కాఫీ ఇవ్వలేదా అమ్మాయ్?"

"ఇచ్చేనండి వదినగారూ. మీకు వినబడలేదంతే" అన్నాను.